ఏసేపన్నకు ఫోన్లో ఇప్పించిన గోడ

పత్తికొండ బస్టాండు ఎదురుగా నాకొక చిన్న అంగడి ఉంది. జిరాక్సు తీస్తాను, డీటీపీ చేస్తాను, ఆన్‌లైన్ అప్లికేషన్లు నింపుతాను. ఇంగ్లీషు కాగితం ఏదొచ్చినా చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు నా దగ్గరికే తెచ్చి, "ఏముండాదో చూడు పాపా" అంటారు. నేను చెప్పిందే వాళ్ళకు వేదం. బ్యాంకు కాగితమైనా, ఆస్పత్రి రిపోర్టయినా నా మొహం చూసే వాళ్ళు నవ్వాలో ఏడవాలో తేల్చుకుంటారు. డిగ్రీ చదివిన గర్వం నాకు కొంచెం ఉండేది. కొంచెం ఏమిటి, బాగానే ఉండేది.

ఏసేపన్న కూడా అట్లా అడిగినవాడే. ఆయనకు నేను అబద్ధం చెప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు. ఇప్పుడు ఊరంతా ఆయనను ఆడిపోసుకుంటుంటే తేలు కుట్టిన దొంగలాగా కూచున్నాను.

ముందు మనిషిని చెప్తాను. ఏసేపన్నకు యాభై నాలుగేళ్ళు ఉంటాయి. పొడుగు మనిషి. చొక్కా ఎంత ఉతికినా మోచేతుల దగ్గర నీలం రంగు పోదు. వాళ్ళది తాతల కాలం నుంచి ఏసుప్రభు మందిరానికి పోయే కుటుంబం. చదివింది ఐదో తరగతి. మందిరం గోడల మీద వాక్యాలు రాసే ఒక పెద్దాయన వెంట రంగు డబ్బా మోసి, అక్షరం పట్టుకున్నాడు. తెలుగు చదువుతాడు, రాస్తాడు. ఇంగ్లీషు మాత్రం బొమ్మ గీసినట్టు గీస్తాడు. చూసి గీయమంటే అచ్చు గుద్దినట్టు వస్తుంది గానీ, తాను రాసినది ఏమిటో తనకే తెలియదు. "కోతికి కొబ్బరికాయ దొరికినట్టు ఉండాది నాకు ఇంగ్లీషు" అని తనమీద తానే నవ్వుకునేవాడు.

ఆయన బతుకంతా తుంగధార మోటార్ల కంపెనీ గోడల మీదే గడిచింది. మా సీమలో బోరు లేకపోతే చేను లేదు, మోటారు లేకపోతే బోరు ఉండీ లేనట్టే. ఆలూరు నుంచి కడప దాకా ఏ ఊరి మొదట్లో చూసినా, నీలం రంగులో "తుంగధార బోరు మోటార్లు" అని గోడంత అక్షరాలు కనిపించేవి. వాటిలో చాలావరకు ఏసేపన్న చేతివే. ఆ పనికి ఒక పద్ధతి ఉంది. రోడ్డు వైపు గోడ ఉన్న ఇంటివాళ్ళను అడగాలి. వాళ్ళు సరే అంటే, మిగిలిన గోడకు కూడా సున్నం కొట్టి ఇవ్వాలి. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ ఇంట్లోనే రొట్టె, ఊరుబిండి పెడతారు. రాయడం అయినాక కింద మూలలో చిన్న అక్షరాలతో పెయింటరు తన పేరు, ఫోన్ నంబరు రాసుకుంటాడు. "ఏసేపు ఆర్ట్స్" అని. కంపెనీవాళ్ళు దానికి ఎప్పుడూ అడ్డు చెప్పలేదు. ఆ నంబరు చూసి రైతులు ఆయనకే ఫోన్ చేసి "మోటారు యాడ దొరుకుతాదప్పా" అని అడిగేవాళ్ళు. ఆయన డీలరు అంగడి గుర్తులు చెప్పేవాడు. కంపెనీకి లాభం, ఈయనకు పేరు, ఇంటివాళ్ళకు సున్నం. ఇరవై రెండేళ్ళు అట్లా గడిచింది.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. బొమ్మతో సహా ప్రింటు తీసి నాలుగు కట్టెలకు కట్టేస్తే పని అయిపోతుంది. గోడల పని ఏటికేడు తగ్గి, ఒక ఏడు అసలు రాలేదు. ఏసేపన్న ఆటోల వెనక పేర్లు, బడుల్లో బోర్డులు రాసుకుంటూ నెట్టుకొచ్చాడు. నా అంగడి బోర్డు కూడా ఆయన రాసిందే.

పోయిన ఏడాది ఎండాకాలం ఒక మధ్యాహ్నం నా అంగడికి వచ్చాడు. వెంట బామ్మర్ది పెద్దన్న ఉన్నాడు. పెద్దన్నది కాలిపోయిన మోటార్లకు వైండింగ్ చేసే పని. చేతిపని బాగానే వచ్చు గానీ, మాట దురుసు కాబట్టి గిరాకీ తక్కువ.

"పాపా, గోడలు పాయ" అన్నాడు ఏసేపన్న. "ఇప్పుడు జనం తలెత్తి గోడ చూస్తాండారా? అందరూ ఫోన్లోకే చూస్తాండారు. ఆ ఫోన్లో నాకో గోడ ఇప్పీ."

"వెబ్‌సైటా అన్నా?"

"అదేందో నాకు తెల్దు. ఆ గోడ మీద తుంగధార అని రాయల్ల. కింద నా నంబరు ఉండల్ల. మోటారు కాలినోడు ఫోన్ చేస్తాడు, మా పెద్దన్న పోయి చేస్తాడు. అంతే."

"మీ పేరే పెడదాం అన్నా. ఏసేపు మోటార్ సర్వీస్ అని."

ఆయన నవ్వాడు. "నా పేరు ఎవురు ఎతుకుతారు పాపా? తుంగధార అని ఎతుకుతారు. ఇన్నేండ్లు ఆ పేరు రాసింది నేనే గదా. ఇదీ ఓ గోడే గదా."

నేను ఆపాల్సింది అక్కడే. గోడ వేరు, ఇది వేరు అని నాకు తెలుసు. గోడ ఇంటివాళ్ళది, రాత కంపెనీది, ఈయనకు కూలి. ఇక్కడ కంపెనీ పేరుతో చిరునామానే మన సొంతం చేసుకుంటున్నాం. ఒక కంపెనీ రిజిస్టరు చేసుకున్న పేరును మనం వాడుకుంటే నేరమని డిగ్రీలో ఒక పాఠమే ఉంది. పరీక్షలో ఆ ప్రశ్నకు పేజీన్నర రాశాను కూడా. అయినా ఆపలేదు. ఎందుకంటే అప్పటిదాకా నేను చేసిన పెద్ద పని పెళ్ళిపత్రికలు, హాల్ టికెట్లు. ఒక వెబ్‌సైటు చేసి చూపించాలని, పత్తికొండలో మొదటిది నాదే కావాలని కడుపులో ఉబలాటం. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఎవరిదో పేరు తీసి ఈయన చేతిలో పెట్టడానికి నాకేమీ కష్టం అనిపించలేదు.

తుంగధార కర్నూలు డాట్ ఇన్ అని కొట్టి చూశాను. ఖాళీగా ఉందని వచ్చింది. ఇంత పేరున్న కంపెనీ దీన్ని వదిలేసిందే అని సంతోషపడ్డాను. వివరాలన్నీ ఆయన పేరు మీద నింపాను. చివర ఒక చిన్న గడి వచ్చింది. దాని పక్కన ఇంగ్లీషులో ఉంది: ఈ పేరు మీద వేరే ఎవరికీ హక్కు లేదనీ, ఉంటే బాధ్యత నాదేననీ హామీ ఇస్తున్నాను. దానికి టిక్కు పెడితే గానీ ముందుకు పోదు. నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

ఏసేపన్న అది గమనించాడు. "ఏమో అడుగుతాండాదా పాపా?"

"ఏం లేదన్నా. మామూలే."

టిక్కు పెట్టాను. ఇది మొదటి అబద్ధం.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఆయన అడిగింది కంపెనీ పేరు, తన నంబరు, అంతే. నాకు అది బోసిగా అనిపించింది. కంపెనీ అసలు వెబ్‌సైటు నుంచి వాళ్ళ గుర్తు తీసి పైన అంటించాను. దాని కింద ఇంగ్లీషులో పెద్ద అక్షరాలతో "ఆథరైజ్డ్ సర్వీస్ సెంటర్, కర్నూలు జిల్లా" అని పెట్టాను. కంపెనీ వాళ్ళే నియమించిన రిపేరు అంగడి అని అర్థం. అది నా సొంత పైత్యం.

"ఇదేంది పాపా?" అని వేలు పెట్టి చూపించాడు.

"అందం కోసం అన్నా."

"అచ్చరాలు బాగుండాయి" అన్నాడు. అందం కోసం అన్నదే నా రెండో అబద్ధం. పెయింటరు ప్రతి గోడ మీదా మూలలో తన పేరు రాసుకుంటాడు కదా, ఈ గోడ కట్టిన నేను నా పేరు ఎక్కడా పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో నాకు లోపల తెలుసు.

ఫోన్లు బాగానే వచ్చాయి. ఏసేపన్న మొదట్లో ప్రతివాడికీ "నేను కంపెనీ మనిషిని కాదప్పా, రిపేరీ మటుకే" అని చెప్పేవాడట. అవతలివాళ్ళు చేను ఎండుతున్న తొందరలో ఉంటారు, ఎవరు వింటారు? కొన్నాళ్ళకు ఆయన కూడా చెప్పడం మానేశాడు. అది ఆయన తప్పే. ఆయన తప్పు ఏమీ లేదని నేను అనడం లేదు. పెద్దన్న చేతినిండా పని దొరికి, నోటి దురుసు కూడా కొంచెం తగ్గింది. ఆదివారం మందిరంలో ముందు వరసలో కూచునే ఏసేపన్న, ఆ ఏడు కోత పండుగకు, మందిరానికి కానుకగా వచ్చిన పంటల వేలంలో ఒక గుమ్మడికాయ పాడుకుని తెచ్చి, దాన్లో సగం నా అంగడికి పంపించాడు.

డిసెంబరులో ఆయనకు ఒక రిజిస్టరు పోస్టు వచ్చింది. ఇంగ్లీషులో నాలుగు పేజీలు ఉంది. యథాప్రకారం నా దగ్గరికే తెచ్చాడు. కంపెనీ తరఫు లాయరు రాసిన నోటీసు అది. తుంగధార పేరు మీద సర్వ హక్కులూ మావి, పదిహేను రోజుల్లో ఆ వెబ్‌సైటు మూసి పేరు మాకు అప్పగించండి, లేకపోతే కేసు వేస్తాం అని ఉంది. మూడో పేజీలో ఇంకో వాక్యం ఉంది. పేరు రిజిస్టరు చేసేటప్పుడే, దీని మీద వేరేవారికి హక్కు లేదని మీరు తెలిసి హామీ ఇచ్చారు అని.

నేను మొదటి పేజీ చదివి అర్థం చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. నల్లటి మొహం ఇంకా నల్లబడింది.

"ఇరవై రెండేండ్లు ఆ పేరు నా చేత్తో రాస్తి పాపా. ఎండలో నిలబడి రాస్తి. ఆ పొద్దు దుడ్లిచ్చి రాయిచ్చుకొన్నోళ్ళు, ఈ పొద్దు రాస్తే కేసు అంటారా? గోడ మీద తప్పు కానిది ఫోన్లో తప్పెట్లయితాది?" అన్నాడు. కాసేపటికి చల్లబడి, "ఇంకా ఏముండాది దాంట్లో? మూసెయ్యమంటే మూసేద్దాంలే. మనకెందుకు కోర్టులు" అన్నాడు.

మూడో పేజీ చెప్పాలంటే ఆ గడి సంగతి చెప్పాలి. టిక్కు పెట్టింది నేనని చెప్పాలి. కాగితాలు మడిచి కవరులో పెట్టేశాను.

"ఇంకేం లేదన్నా. లాయర్లు అందరికీ ఇట్లాగే రాస్తుంటారు. బెదిరింపు. పట్టించుకోవద్దు" అన్నాను.

ఇది మూడోది, అన్నింటికన్నా పెద్దది. ఆ రోజు నేను నిజం చెప్పి ఉంటే ఆయన ఆ సాయంత్రమే మూయించేవాడు. గిడ్డమ్మవ్వకు ఏమీ అయ్యేది కాదు.

గిడ్డమ్మవ్వది చిన్నహుల్తి. మొగుడు పోయి చాలా ఏళ్ళు అయింది, కోడలిని తోడు పెట్టుకుని రెండెకరాలు తానే చూసుకుంటుంది. ఆ ఏడు జూన్‌లో పత్తికొండ డీలరు దగ్గర కొత్త తుంగధార మోటారు కొనింది. ఏడాది గ్యారంటీ. దాని ధైర్యంతోనే చలికాలంలో ఉల్లి నాటింది. జనవరిలో, గడ్డ ఊరే సమయంలో, కరెంటు ఎక్కువ తక్కువై మోటారు కాలిపోయింది. కోడలు ఫోన్లో తుంగధార అని వెదికితే నేను కట్టిన గోడే ముందు వచ్చింది. మొదటి వరసలోనే ఆథరైజ్డ్ అని ఉంది. ఆ పిల్ల పదో తరగతి వరకు చదివింది, ఆ మాటకు అర్థం తెలుసు. వెంటనే ఫోన్ చేసింది.

పెద్దన్న పోయి మోటారు పైకి తీయించి, సీలు పగలగొట్టి, తీగ చుట్టి దింపాడు. గ్యారంటీ ఉందా అని అడగలేదు. కంపెనీ మనిషే కదా వచ్చింది, అడిగితే చూపిద్దాంలే అని వాళ్ళూ ఊరుకున్నారు. తొమ్మిదో రోజు మోటారు మళ్ళీ కాలిపోయింది. ఈసారి గ్యారంటీ కార్డు పట్టుకుని గిడ్డమ్మవ్వ డీలరు దగ్గరికే పోయింది. సీలు తెగిన మోటారుకు గ్యారంటీ ఉండదు అన్నాడాయన. ఆమె గొడవ పెట్టుకుంది. మీ మనిషే తెంపినాడు, నన్నెందుకు అంటారు అని. ఆ మాట కడప ఆఫీసు దాకా పోయింది. అక్కడి నుంచి కంపెనీ సారు ఒకాయన చేను చూడడానికే వచ్చాడు. చూసి, ఫోన్లో ఉన్న నంబరుకు చేశాడు. "నాకు ఈ ఫోన్ సంగతులు తెలియవు సార్, రమణి పాప అంగడి దగ్గరికి రాండి" అన్నాడట ఏసేపన్న.

అట్లా ఒక పగటిపూట ముగ్గురూ నా అంగట్లో ఉన్నారు. సారు కుర్చీలో, ఏసేపన్న నిలబడి, గిడ్డమ్మవ్వ గడప మీద. సారు చెడ్డ మనిషి కాదు. దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో నీళ్ళు అడిగి తాగి, నెమ్మదిగానే మొదలుపెట్టాడు.

"పెద్దాయనా, మీరు మా కంపెనీలో పని చేస్తున్నారా?"

ఏసేపన్న కంటే ముందు గిడ్డమ్మవ్వే అందుకుంది. "ఏం సారూ, మీ మనిషిని మీకే తెల్దా? మా గోడ మీద మీ పేరు రాసింది ఈయప్పే గదా. సున్నం గూడా ఈయప్పే కొట్టె. మా ఇంట్లోనే రొట్టె తినె. ఈయప్పను చూసే నేను మీ మోటారు కొంటి. ఈయప్ప పంపిన మనిషి గాకపోతే బోరులో చెయ్యి పెట్టనిత్తునా?"

ఏసేపన్న తల వంచుకున్నాడు. ఆమె ఆయనను కాపాడుతున్నాననుకుంటోంది. ఒక్కొక్క మాటా ఆయనకు చెంపదెబ్బలాగా తగులుతోందని ఆమెకు తెలియదు.

సారు ఫోన్ తీసి ఆ ఇంగ్లీషు వరస చూపించాడు. "మీరు మా మనిషి కాదు గదా. మరి ఆథరైజ్డ్ అని ఎవరు రాయమన్నారు? కంపెనీ నియమించిన సర్వీసు అని అర్థం ఇది."

అప్పుడు తెలిసింది ఆయనకు, అందం కోసం అని నేను చెప్పిన మాటకు అర్థం. నా వైపు చూశాడు. నేను ప్రింటరులో కాగితం ఇరుక్కున్నట్టు దాని మూత తీసి లోపలికి చూస్తున్నాను. కాగితం ఏమీ ఇరుక్కోలేదు.

"నేనే సార్" అన్నాడు ఏసేపన్న.

గిడ్డమ్మవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఏమప్పా, అయితే నువ్వు కంపెనీ మనిషివి కాదా?" అని ఒక్క మాట అడిగింది. ఆయన ఆమెకు చేతులు జోడించాడు.

సారు ఉపాయం చెప్పాడు. పేరు వెంటనే కంపెనీకి అప్పగించాలి. ఈమెను కంపెనీ పేరు చెప్పి మోసం చేశామని ఏసేపన్న తన చేత్తో రాసి సంతకం పెట్టాలి. దాన్ని ఈమెకు చదివి వినిపించి, ఈమె వేలిముద్ర, చదివిన వాళ్ళ సంతకం తీసుకోవాలి. అది ఉంటే కొత్త మోటారు ఇమ్మని తాను పై ఆఫీసుకు రాస్తాడు. లేకపోతే ఈమె గ్యారంటీ పోయినట్టే. "ఎంత తొందరగా ఇస్తే అంత మంచిది. చేను చూశాను, ఇంకో వారం నిలవదు" అన్నాడు.

మోసం అనే మాట దగ్గర ఏసేపన్న కళ్ళు మూసుకున్నాడు. తర్వాత, "రేప్పొద్దునే రాసిస్తా సార్" అన్నాడు.

మరుసటి రోజు ఆయన మోపెడు వెనక కూచుని చిన్నహుల్తికి నేను కూడా పోయాను. చదివి వినిపించేది నేనే కదా. గిడ్డమ్మవ్వ కొట్టం ముందు మంచం వాల్చి ఉంది, కూచోమని మాత్రం ఎవరూ అనలేదు. పక్కన చేనులో ఉల్లి ఆకు కొసలు పసుపు తిరిగి వాలిపోయి ఉన్నాయి. ఏసేపన్న ఇంటి నుంచే రాసుకొచ్చిన కాగితం నా చేతికి ఇచ్చాడు. అంత ఒద్దికైన అక్షరాలు నేను ఎన్నడూ చూడలేదు. ఒక్క కొట్టివేత లేదు.

నేను చదివాను. "పత్తికొండ కాపురస్తుడు ఏసేపు అను నేను రాసి ఇచ్చునది ఏమనగా, నేను తుంగధార కంపెనీ మనిషిని కాను. ఆ పేరు వాడుకొనే హక్కు నాకు లేదు. చిన్నహుల్తి గిడ్డమ్మ గారు నన్ను నమ్మి మోటారు అప్పగించినారు. నేను వారిని మోసం చేసినాను. సీలు తెగుట వారి తప్పు కాదు..."

తర్వాతి వరస చూసి ఆగిపోయాను.

"ఆపితివేందమ్మా? సదువు" అంది గిడ్డమ్మవ్వ.

"...ఈ పని అంతా నా సొంత బుద్ధితో చేసినాను. వేరే ఎవరికీ దీనిలో సంబంధం లేదు. కంప్యూటరు అంగడి అమ్మాయి నేను చెప్పినట్టు కొట్టడమే తప్ప ఆమెకు ఏమీ తెలియదు."

చదివేశాను. నా నోటితో, నా గురించి. చుట్టూ ఎవరూ లేరు, ఆమె, కోడలు, ఏసేపన్న, అంతే. కాదు అనడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాట రాలేదు.

గిడ్డమ్మవ్వ వేలిముద్ర వేసి, ఇంకు చీరకు తుడుచుకుంటూ అంది: "సదువుకున్నోళ్ళు ఒక్కరన్నా పక్కనుండి, ఇది తప్పప్పా అని చెప్పింటే, ఈయప్పకు ఈ గతి రాకపోవు." ఆ మాట నన్ను దెప్పడానికి అనలేదు. నేను అప్పుడే సంతకం పెట్టాను, చదివి వినిపించిన వారు రమణి అని.

తిరిగి వచ్చేటప్పుడు ఆయన, ఊరు దగ్గర పడ్డాక, వెనక్కి తిరగకుండానే అన్నాడు: "ఆ లాయరు కాగితం నిన్న మా పాస్టరయ్యతో సదివిచ్చుకొంటి పాపా. మూడో పేజీ గూడా సదివినాడు."

"అన్నా..." అన్నాను.

"పోనీలే. నువ్వు ఆ అంగట్లో కూచోని బతకాల్సిన దానివి. నీ మాట మీద జనానికి నమ్మకం ఉండల్ల. నా పేరుకేముండాది, మూలలో రాసుకొనే పేరు." మోపెడు బస్టాండు దగ్గర ఆపాడు. నేను దిగాను. ఆయన పోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. నేనూ నాలుగు ఏడుపులు ఏడ్చి, తప్పయిపోయిందని తేలికపడేదాన్ని. ఆయన ఆ అవకాశం కూడా ఇవ్వలేదని ఆయన మీద కూడా కోపం వచ్చింది ఆ పూట. ఎంత సిగ్గులేని కోపమో చూడండి.

కొత్త మోటారు పది రోజులకు వచ్చింది. అప్పటికి చేనులో సగానికి పైగా ఎండిపోయింది. మిగిలిన మళ్ళకు తడి అందింది. పేరు కంపెనీకి పోయింది. ఏసేపన్న రాసిచ్చిన కాగితం సంగతి డీలరు అంగడి నుంచి బయటికి పొక్కి, వారంలో పత్తికొండంతా తిరిగింది. "డూప్లికేటు ఏసేపు" అని పేరు పెట్టారు. బడి బోర్డులు రాయించేవాళ్ళు కూడా వేరేవాళ్ళను పిలుచుకుంటున్నారు. మందిరంలో ముందు వరస వదిలేసి తలుపు పక్కన చాప అంచున కూచుంటున్నాడని పెద్దన్న చెప్పాడు. ఎవరూ అక్కడ కూచోమనలేదట. తానే పోయి కూచున్నాడట.

చెప్పుకుంటే మానం పోతుంది, చెప్పకుంటే ప్రాణం పోతుంది అంటారు. నెల రోజులు ప్రాణం పోతున్నట్టే తిరిగాను. చివరికి ఒక రోజు అంగడి మూసి, బస్సెక్కి చిన్నహుల్తికి పోయాను. గిడ్డమ్మవ్వ మిగిలిన ఉల్లికి నీళ్ళు కడుతోంది. గట్టు మీద నిలబడి, గడి, టిక్కు, ఆథరైజ్డ్, మూడో పేజీ, అన్నీ చెప్పాను. ఏడ్చాను కూడా. ఆమె పార ఆపి మొత్తం వినింది.

"ఆ పొద్దు కాగితం సదివినప్పుడు, అది అబద్ధమని తెలుసునా నీకు?"

"తెలుసవ్వా."

"ఆయప్ప ఎదురుగా, నా ఎదురుగా, తెలిసే సదివితివా?"

"ఊ."

ఆమె పార నీళ్ళలో ఆడించి మట్టి కడిగింది. తిడుతుందనుకున్నాను. పోనీలే అమ్మా అంటుందని కూడా, నిజం చెప్పాలంటే, ఎక్కడో ఆశ ఉంది.

"ఇది నాకెందుకు చెప్తాండావమ్మా? నేను ఆయప్పను డూప్లికేటు అంటినా? అనేటోళ్ళు పత్తికొండలో ఉండారు, నీ అంగడికే వస్తాండారు. పోయి వాళ్ళకు చెప్పు." అని, నీళ్ళ మడవ తిప్పడానికి పక్క మడికి పోయింది.

అది జరిగి ఇరవై రోజులు అవుతోంది. నిన్న ఒకాయన ఆధార్ జిరాక్సుకు వచ్చి, "మీ బోర్డు రాసింది ఆ డూప్లికేటోడేనా?" అని నవ్వాడు. నేను అవునన్నాను. రెండు కాపీలు తీసి, చిల్లర ఇచ్చి, పంపించాను.